ఎనిమిదో ఫారంలో పట్టని ఆరు పంక్తులు

1998 ఎండాకాలం నాటి మాట. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఓ మందుల షాపు పైన, రెండు గదుల డీటీపీ సెంటర్లో నేను పనిచేసేదాన్ని. డీటీపీ అంటే కంప్యూటర్లో అక్షరాలు కొట్టి, పేజీలుగా కట్టి, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి ప్రెస్సుకి ఇచ్చే పని. శుభలేఖలూ, కరపత్రాలూ, కొత్తగా వెలుస్తున్న కాలేజీల బ్రోచర్లూ మాకు అన్నం పెట్టేవి. కవిత్వం మాత్రం సూర్యం మాస్టారి కోసం చేసేవాళ్లం.

సూర్యం మాస్టారు తెలుగు లెక్చరరుగా రిటైరయ్యాక ఓ సాహిత్య త్రైమాసిక పత్రిక పెట్టుకున్నారు. పత్రికకు వేరే ఆఫీసంటూ లేదు. మా సెంటర్లో మూలనున్న బల్లే ఆఫీసు, నేనే సిబ్బంది. టపా విప్పడం, రిజిస్టర్లో రాయడం, ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం అన్నీ నావే. మా నాన్నకి తెనాలిలో చిన్న ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి పేజీని చూడగానే ఎక్కడ బరువెక్కిందో, ఎక్కడ తేలిపోయిందో చెప్పగలననే పొగరు నాకు బాగానే ఉండేది. కవిత్వం రాయడం నాకు రాదు. కవిత్వం రాసేవాళ్ల మీద కాస్త వెటకారం కూడా ఉండేది. రోజూ వాళ్ల ఉత్తరాలు విప్పేవాళ్లెవరికైనా అది తప్పదు.

ఒక కవిత పత్రికకు వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు. దాంతోపాటు సంపాదకుడికి ఓ ఉత్తరం, ఇది నా సొంతమేనని, మరే పత్రికకూ పంపలేదని ఓ హామీపత్రం, వేసుకోకపోతే తిప్పి పంపడానికి స్టాంపు అంటించిన కవరు ఉంటాయి. మాస్టారు ఓ నియమం పెట్టుకున్నారు. రాసినవాళ్ల పేరు చూస్తే తన మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుందని ఆయన భయం. అందుకని నేను ఉత్తరం, హామీపత్రం విడదీసి ఫైల్లో పెట్టి, కవిత మీద ఓ నంబరు మాత్రం వేసి ఆయనకు ఇవ్వాలి. చాలా నిజాయితీగల పద్ధతి అది. ఇప్పటికీ ఆ పద్ధతిని తప్పుపట్టలేను. తప్పు ఫైలు దగ్గర కూర్చున్న మనిషిది.

ఉత్తరాలన్నీ ఒక్కలాగే ఉండేవి. "గౌరవనీయులైన సంపాదకులకు నమస్కరించి వ్రాయునది" అని మొదలై, తాము ఎప్పటినుంచి రాస్తున్నారో, ఎవరెవరు మెచ్చుకున్నారో చెప్పి, వేసుకుంటే ధన్యుణ్ణవుతానని ముగిసేవి. మొదట్లో అన్నీ చదివేదాన్ని. తర్వాత మొదటి వాక్యం చూసి ఫైల్లో గుచ్చేయడం అలవాటైపోయింది.

ఆ ఏడాది మాస్టారు ఓ కవితా సంకలనం తలపెట్టారు. మాదాపూర్ వైపు బండలు పేలుస్తున్నారు. కొండాపూర్ దాకా ఎక్కడ చూసినా గుంతలు, ఇనుప చువ్వలు, సిమెంటు లారీలు. సైబరాబాద్ అనే మాట అప్పుడప్పుడే నోళ్లలో పడుతోంది. కట్టేవాటి గురించి పేపర్లు రోజూ రాస్తున్నాయి, కట్టేవాళ్ల గురించి మనం ఓ పుస్తకం వేద్దామమ్మా అన్నారు మాస్టారు. ప్రకటన ఇచ్చాం. వందకు పైగా కవితలు వచ్చాయి. సగానికి సగం చెమటచుక్క మీదే.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయి నేను అట్టముక్కతో విసురుకుంటుంటే ఓ మనిషి మెట్లెక్కి వచ్చాడు. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో పొడుగాటి కవరు.

"నమస్తే మేడం. సార్ ఉన్నరా?"

"సాయంత్రం వస్తారండి. ఏం కావాలి?"

"కవితల పుస్తకం ఏస్తున్నరట గద. పేపర్ల సూసిన. నేనొకటి రాసిన."

"పోస్టులో పంపినా సరిపోయేదండి, ఇంత ఎండలో ఎందుకు?"

"పోస్టుల ఏస్తే యాడన్న పోతదేమోనని. నా చేతులతోనే ఇస్తే ఫికర్ ఉండదు."

కూర్చోమని కుండలో నీళ్లిచ్చాను. పేరు యాదగిరి, ఉండేది మదీనాగూడ వెనకాల. ఇంటర్ దాకా చదివి, కొండాపూర్ దగ్గర ఓ భవనం పనిలో మస్టర్ రాస్తున్నానని చెప్పాడు. మస్టర్ అంటే పొద్దున్నే ఎవరు పనికొచ్చారో, ఎవరు రాలేదో రాసే హాజరుపట్టీ.

"అయితే రోజూ రాస్తూనే ఉంటారన్నమాట" అన్నాను నవ్వుతూ.

"రాస్త గని, అన్ని రాయనియ్యరు మేడం."

అది కవులు మాట్లాడే తీరులే అనుకున్నాను. కవరు విప్పి, ఉత్తరం విడదీసి, కవిత మీద నంబరు వేశాను. అతను నా చేతులకేసే చూస్తున్నాడు. ఆ ఉత్తరాన్ని నేను మిగతావాటి మీద గుచ్చేటప్పుడు ఏదో అడగబోయి ఊరుకున్నట్టు అనిపించింది. ఫోన్ నంబరు అడిగితే తమ గల్లీలోని కిరాణా షాపుది ఇచ్చాడు. అప్పట్లో దాన్ని పి.పి. నంబరు అనేవాళ్లం. సొంత ఫోను లేనివాళ్లకి పక్కవాళ్ల ఫోనే దిక్కు.

వారం తర్వాత మాస్టారు ఆ కవిత పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "రమా, ఇది చూడమ్మా. మిగతావన్నీ పక్కన పెట్టినా ఇది ఉండాలి" అన్నారు.

కవిత పేరు 'జత'. పాలమూరు వైపునుంచి మట్టిపనికి వచ్చేవాళ్లను మేస్త్రీలు జతలుగా తెచ్చేవాళ్లు. మొగుడూ పెళ్లాం కలిస్తే ఓ జత. మస్టర్లో మగవాడి పేరు రాసి, పక్కన ఒక నిలువు గీత గీస్తారు. ఆ గీత అతని భార్య. ఆమె పేరు ఎవరూ అడగరు, రాయడానికి గడి కూడా ఉండదు. యాదగిరి ఆ సంగతిని ఏ అలంకారమూ లేకుండా రాశాడు. పునాది గుంతలోంచి తట్టలు ఎత్తే ఆడవాళ్ల మీద మట్టిగోడ విరిగిపడటం, మర్నాడు పొద్దున తను మళ్లీ మస్టర్ తెరవడం అందులో ఉన్నాయి.

పొద్దుగాల లేసి పట్టీ తెరిసిన
పేర్లన్ని ఉన్నయి
మూడు గీతలే తగ్గినయి

ఆ తర్వాత ఇంకో ఆరు పంక్తులు ఉన్నాయి. ముగ్గురు ఆడవాళ్ల పేర్లు, ఒక్కో పేరు కింద ఆమె ఎవరి కూతురో. అంతే, అక్కడితో కవిత అయిపోయింది.

ఆ పూటే కవిత కంపోజ్ చేయడానికి కూర్చున్నాను. మాస్టారితో అన్నాను, ఒక్క మాట కూడా మన భాషలోకి మార్చనండి, అతని యాస అతనికే ఉండాలి అని. నిజంగానే ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఆ సంగతి తలచుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇక్కడ ఫారం గురించి కాస్త చెప్పాలి. పుస్తకం పేజీ పేజీగా అచ్చుకాదు. ఓ పెద్ద కాగితం మీద రెండువైపులా కలిపి పదహారు పేజీలు అచ్చువేసి, మడిచి, కుడతారు. ఆ పదహారు పేజీల కట్టని ఫారం అంటారు. మాస్టారి పాత విద్యార్థి ఒకాయన మాకు కాగితం దానం చేశాడు, సరిగ్గా ఎనిమిది ఫారాలకు సరిపడా. అంటే నూట ఇరవై ఎనిమిది పేజీలు. నూట ఇరవై తొమ్మిదో పేజీ కావాలంటే ఇంకో ఫారం కావాలి, దానికి కాగితం లేదు.

కవులను అకారాది క్రమంలో పెట్టడం ఆనవాయితీ కాబట్టి యాదగిరి చివర్లోకి, ఎనిమిదో ఫారంలోకి వచ్చాడు. పేజీలన్నీ కట్టి చూసుకుంటే పుస్తకం నూట ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. ఎక్కడ పొంగిందా అని వెనక్కి వెళ్లాను. ప్రతి కవితా కొత్త పేజీలో మొదలుకావాలన్నది మాస్టారి పట్టుదల. 'జత' ఒక పేజీ నిండిపోయి, ఆరు పంక్తులు పక్క పేజీలోకి పోయాయి. ఆ పేజీలో ఆరు పంక్తులు, కింద అంతా ఖాళీ.

అక్షరం సైజు తగ్గించి చూశాను. ఎదురు పేజీ పక్కన అది బక్కచిక్కినట్టు కనపడింది. పంక్తుల మధ్య జాగా బిగించి చూశాను, ఊపిరాడనట్టు ఉంది. పుస్తకం ముఖం చెడిపోతుందని రెండూ వద్దనుకున్నాను. అప్పుడు ఆ ఆరు పంక్తులకేసి చూశాను. ఉట్టి పేర్లు. కవితను పేర్ల పట్టికతో ముగించడం అప్పట్లో కుర్రకవులకో మోజు. ఇతనూ ఎక్కడో చదివి నేర్చుకున్నాడనుకున్నాను. 'మూడు గీతలే తగ్గినయి' దగ్గర ఆపితే గుండెలో గుచ్చుకుంటుంది, తర్వాత చెప్పేదేముందనిపించింది. ఆరు పంక్తులూ ఎంపిక చేసి ఒక్క కీ నొక్కాను. పుస్తకం చక్కగా నూట ఇరవై ఎనిమిదిలో కూర్చుంది.

పూర్తిగా అడగకుండా చేశాననడం అబద్ధమవుతుంది. కిరాణా షాపుకి ఫోన్ చేశాను. "యాదగిరి సైట్‌కు పోయిండు, పొద్దుమీకి వస్తడు, ఏమన్న చెప్పాల్నా?" అన్నాడు షాపాయన. ఏం చెప్పమనాలి? ఆరు లైన్లు తీసేస్తున్నామని కిరాణా షాపాయనతో చెప్పించడం ఏం బాగుంటుంది? మళ్లీ చేస్తానన్నాను. మళ్లీ చేయలేదు. మాస్టారికి ప్రూఫు చూపించి సంగతి చెబితే ఆయన రెండుసార్లు పైకి చదువుకుని, "అక్కడ ఆగడమే బాగుందమ్మా. అతనూ సంతోషిస్తాడు" అన్నారు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ట్రేసింగులు ప్రెస్సుకి పంపేశాను.

ఆవిష్కరణ ఓ ఆదివారం పొద్దున, మా కాలనీ కమ్యూనిటీ హాల్లో. కవులందరికీ కార్డులు వేశాం. నేను గుమ్మం పక్కన పుస్తకాల బల్ల దగ్గర కూర్చున్నాను. యాదగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెంట ఓ ముసలామె, పాతికేళ్ల మనిషి ఒకతను, అతని చెయ్యి పట్టుకుని నాలుగైదేళ్ల ఆడపిల్ల. చెప్పులు బయటే విడిచి, చివరి వరసలో కుర్చీల అంచున కూర్చున్నారు.

ముఖ్య అతిథి పేరున్న విమర్శకుడు. పుస్తకమంతా తిరగేసి వచ్చినట్టున్నాడు, మైకు ముందుకు రాగానే 'జత' తీసి చదివాడు. మంచి గొంతు ఆయనది. 'మూడు గీతలే తగ్గినయి' అని చదివి పుస్తకం మూసేశాడు. హాలంతా చప్పట్లు. "ఎక్కడ ఆపాలో తెలిసినవాడే కవి. ఈయనకు తెలుసు" అన్నాడాయన. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ చప్పట్లు నావే అనుకున్నాను. ఆ గర్వంతోనే చివరి వరసకేసి చూశాను. ఆ నలుగురూ చప్పట్లు కొట్టడం లేదు. ఇంకా చదువుతారని ఎదురుచూస్తున్నట్టు మెడలు చాచి అలాగే కూర్చున్నారు.

సభ అయ్యాక ముసలామె తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, మా పిల్ల పేరు ఏడున్నదో జర సూపెట్టు. అగో, గా సార్ సదువుతడనుకుంటిమి, మర్శిపోయినట్టున్నడు."

నాకు అర్థం కాలేదు. "ఏ పేరమ్మా?" అన్నాను.

"నా బిడ్డది. గుంతల పోయింది. నా పేరు గూడ రాసిండంట యాదగిరి. నాకు సదువు రాదు గని, ఏడున్నదో సూపెడితె ఏలు పెట్టి సూసుకుంట."

ఆ క్షణానికి గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఆ పేర్లు నిజమైనవి. ఆమె పేరు ఈదమ్మ. ఆరు పంక్తుల్లో రెండోదానిలో ఆమె ఉంది. వెనకనున్న మనిషి ఆమె అల్లుడు, ఆ పసిది మనవరాలు. ముగ్గురూ పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చారు.

ఈలోపు యాదగిరి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తన పేజీ చూశాడు. పేజీ తిప్పాడు. అక్కడ వేరే కవి. మళ్లీ వెనక్కి తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు.

"అక్కా, ఇంకో పేజీ లేదా?"

అంతవరకూ మేడం అన్నవాడు ఆ రోజే అక్కా అన్నాడు.

"పేజీ సరిపోలేదండి" అన్నాను. అదే అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోరు నాకే చేదుగా ఉంటుంది.

అతను కోప్పడలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "మస్టర్ల గూడ గిదే మాట అన్నరక్కా. వాళ్లు పోయిన నాడు సూపర్‌వైజర్ను అడిగిన, ఇయ్యాల్టికన్న ఆడోళ్ల పేర్లు రాస్త సార్ అని. జాగ లేదు పో అన్నడు. ఆయనంటె గా పట్టీ గీసినోడు గాదు. మీరు పుస్తకం కట్టినోళ్లు గద."

ఈదమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. "ఏందిరా, ఏడున్నది?" అని యాదగిరి మోచెయ్యి పట్టుకుంది. అతను నాకేసి ఒకసారి చూశాడు. తర్వాత పుస్తకం బల్ల మీద పరిచి, ఆమె వేలు పట్టుకుని ఆ పేజీ చివరి పంక్తి మీద పెట్టాడు.

"ఈడనే ఉన్నది పెద్దమ్మా."

ఆమె ఆ పంక్తి పొడుగునా వేలు రాసింది. "గిండ్ల పిల్లది ఏది, నాదేది?" అని అడిగింది.

"ముందలది పిల్లది. ఎన్కది నీది."

'మూడు గీతలే తగ్గినయి' అన్న అక్షరాలవి. మొదటి మాట మీద కాసేపు, చివరి మాట మీద కాసేపు ఆమె వేలు ఆగింది. మనవరాలిని ఎత్తుకుని దాని వేలు కూడా అక్కడ పెట్టించింది. "నువ్వు బడికి పోయినంక సదివి ఇనిపియ్యాలె" అంది పిల్లతో. పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నేను నోరు విప్పలేదు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది, తప్పు నాదేనని, పేరు ఇందులో లేదని. యాదగిరి అబద్ధం చెప్పాడంటే ఆమె మీద దయతో చెప్పాడు. నేను మాట్లాడకపోవడంలో ఏ దయా లేదు, ఉట్టి పిరికితనం.

ఆ మధ్యాహ్నమే సెంటర్ తాళం తీసి ఫైలు ముందేసుకున్నాను. యాదగిరి ఉత్తరం దొరికింది. అన్ని ఉత్తరాల్లాగే నమస్కారంతో మొదలైంది. రెండో వాక్యం నుంచి వేరే. కవితలో ఏది బాగా లేకపోయినా తీసెయ్యండి, నాకు బాధ లేదు, కడపటి ఆరు లైన్లు మాత్రం ఉంచండి, ఆ పేర్లు వాళ్ల తల్లులను అడిగి రాసుకున్నాను, పేపర్లో ముగ్గురు కూలీలు అని వేశారు, ఇంకెక్కడా ఆ పేర్లు లేవు, మీ పుస్తకంలో ఉంటే ఉన్నట్టు. అంత స్పష్టంగా ఉంది. నేను ఆ ఉత్తరాన్ని నా చేత్తోనే గుచ్చాను. మొదటి వాక్యం తర్వాత చదవలేదు. అతను ఆ రోజు అడగబోయి ఊరుకున్నదేమిటో అప్పుడు తెలిసింది.

మాస్టారికి ఆ ఉత్తరం చూపించాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. "నేను పేర్లు చూడకూడదనే కదమ్మా ఇదంతా పెట్టుకున్నది" అన్నారు చివరికి.

మర్నాడు సవరణ చీటీలు వేశాం. అచ్చయిపోయిన పుస్తకంలో తప్పు దొరికితే చిన్న కాగితం మీద సరైనది అచ్చువేసి ఆ పేజీలో అతికిస్తారు. ఆరు పంక్తులూ వేసి, మిగిలిన కాపీలన్నిటికీ నేనే కూర్చుని జిగురుతో అతికించాను. సభలో వెళ్లిపోయినవాటికి మాత్రం ఏం చేయగలను? కవుల చిరునామాలు ఉన్నాయి గనక చీటీలు పోస్టు చేశాను. అన్నిటికంటే ముఖ్యం ఈదమ్మ దగ్గరున్న కాపీ. ఆ పిల్ల బడికి వెళుతుంది. ఓ రోజు అక్షరాలు కూడబలుక్కుని, అమ్మమ్మ చూపించిన చోట వేలు పెట్టి చదువుతుంది. అది జరగకముందే ఆ చీటీ అక్కడికి చేరాలని నా ఆరాటం.

వాళ్లెక్కడుంటారో సైటులో తెలుస్తుందని బస్సెక్కి కొండాపూర్ వెళ్లాను. సైటు వెతుక్కునేసరికి కాళ్లు పీకాయి. గుంతలు పూడ్చేశారు, స్తంభాలు లేచాయి. గేటు దగ్గర మస్టర్ రాస్తున్నది వేరే మనిషి. "యాదగిరి పని బంద్ చేసిండు మేడం" అన్నాడు. మట్టిపని గుంపు ఏదని అడిగితే, "పునాది అయిపాయె, ఇగ వాళ్లతోని ఏం పని? మేస్త్రీ ఇంకో తానకు తోల్కపోయిండు. ఏ ఊరో నాకెర్క లేదు" అన్నాడు. గోడ పక్కన వాళ్ల గుడిసెలు ఉండిన చోట పొయ్యిరాళ్లు మిగిలాయి. చీటీ సంచిలో పెట్టుకుని వెనక్కి వచ్చాను.

కిరాణా షాపుకి నాలుగైదుసార్లు ఫోన్ చేస్తే ఓ రోజు యాదగిరి దొరికాడు. మదీనాగూడ బస్టాపు దగ్గర కలిసి చీటీలు ఇచ్చాను. అక్కడే నిలబడి చదువుకున్నాడు. పేర్లలో ఏ తప్పూ లేదన్నట్టు తల ఆడించాడు.

"నన్ను క్షమించండి" అన్నాను.

"మీరు కావాల్నని చేసిండ్రా అక్కా? లేదు గద" అన్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది. "పాలమూరు బస్సుల పోయేటోళ్లు ఎవరన్న దొరికితే పెద్దమ్మకు పంపుత. ఇస్తరో లేదో."

"ఇంకేమైనా రాస్తున్నారా?"

"రాస్తున్న."

"మా పత్రికకు పంపండి."

నవ్వాడు గానీ సరేననలేదు. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతని నుంచి ఏ కవరూ రాలేదు. కవి కాగలిగిన ఒక మనిషిని నేను ఆ వాకిట్లోంచే వెనక్కి పంపేశానన్నది నా రెండో బాధ.

కథ అక్కడితో అయిపోయి ఉంటే ఎలాగో సర్దుకునేదాన్నేమో. మరుసటేడు ఓ పత్రిక 'జత'ను మా పుస్తకంలోంచి తీసుకుని పునర్ముద్రించింది. చీటీ లేని కాపీలోంచి తీసుకున్నట్టున్నారు, గీతల దగ్గరే ఆపారు. అక్కడినుంచి అది ఇంకో సంకలనంలోకి పోయింది, అదే కోత కవిత. ఇద్దరికీ ఉత్తరాలు రాశాను, చీటీలు జతచేశాను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు మర్యాదగా, ఇప్పుడున్న ముగింపే బలంగా ఉందండి, పేర్లు చేరిస్తే పలచబడుతుంది అని రాశారు. ఆయన్ను ఏమనగలను? ఆ మాట ముందు అనుకున్నది నేనే.

ఆ పుస్తకం నా దగ్గర ఒక కాపీ ఉంది. ఎన్నోసార్లు లెక్కేసి చూశాను. మాస్టారి ముందుమాట ఆరు పేజీలు, ఐదైనా చాలేది. పేరు పేజీ వెనక ఖాళీ వదలడం మర్యాద కాబట్టి అది ఖాళీ. కవుల చిరునామాలు రెండు పేజీలు, వాటిలో రెండోది సగం ఖాళీ. ఇన్ని చోట్ల జాగా ఉండి, నా చెయ్యి మాత్రం తిన్నగా ఆ ముగ్గురి మీదికే పోయింది. ముందుమాటను కత్తిరించాలన్న ఆలోచనే నాకు రాలేదు, సంపాదకుడి మాట కదా. అందులో మాస్టారు పేరులేనివాళ్ల గొంతు వినిపించడమే ఈ పుస్తకం లక్ష్యమని రాశారు. ఆ వాక్యాన్ని కంపోజ్ చేసిందీ నేనే.

తర్వాత ఎన్నో పుస్తకాలకు పేజీలు కట్టాను. ఉత్తరం చివరిదాకా చదవకుండా ఏ కవితకూ నంబరు వేయలేదు. పేజీ పొంగితే ముందు గొప్పవాళ్ల మాటల దగ్గరికి వెళతాను, కవిత దగ్గరికి వెళ్లాల్సి వస్తే రాసిన మనిషి దొరికేదాకా ఆగుతాను. దానివల్ల ఆవిష్కరణలు ఆగాయి, మాటలు పడ్డాను. ఇదంతా నాకు నేర్పిన పాఠం ఇంతే, పెద్దదేం కాదు. నేర్చుకున్నందుకు ధర కట్టింది మాత్రం నేను కాదు. ఆ పిల్ల ఈపాటికి పెద్దదై ఉంటుంది. ఆ పేజీ చదివే ఉంటుంది. చీటీ చేరకపోయి ఉంటే, వేలు కింద వెతుక్కున్నది దొరక్క అమ్మమ్మను ఏమడిగిందో, యాదగిరిని అబద్ధాలకోరు అనుకుందో నాకు తెలియదు.

ఈ అనుభవం రాయమని అడిగిన సంపాదకులకు ఒక్క మనవి. మీకూ పేజీలుంటాయి, మీకూ జాగా చాలకపోవచ్చు. తగ్గించాల్సి వస్తే పైన నేను నా గురించి చెప్పుకున్నదంతా తగ్గించండి. కింది ఆరు పంక్తులు యాదగిరివి. వాటిని ముట్టుకోకండి.

చిన్న బుగ్గమ్మ
ఈదమ్మ బిడ్డ
కిష్టమ్మ
తిరుపతమ్మ బిడ్డ
సాయమ్మ
మల్లమ్మ బిడ్డ